ఉప్పునీరు - మంచినీరు

భీమవరము ప్రాంతమున నీటికి కొదవలేదు. కాలువలును, మురుగుకోడులును, చేపలచెఱువులును, రొయ్యలచెఱువులును ఎటుచూచినను కానవచ్చును. అయినను సముద్రమునకు చేరువనున్న గ్రామములలో భూగర్భజలము ఉప్పన. అందుచే వడపోతయంత్రములు వెలసినవి. యంత్రము కొన్నంతనే పని ముగిసినదని పలువురు తలచుచున్నారు. యంత్రముకంటె అందలి పొరల అమరికయే ముఖ్యమని మా మనవి.

ఉప్పునీటిని గొప్ప ఒత్తిడితో సన్నని పొరపైకి నెట్టినచో మంచినీరు ఆవలికి పోవును. ఉప్పు ఈవల మిగులును. 1960 ప్రాంతమున అమెరికాలో సిడ్నీ లోబుతో కూడి ఇట్టి పొరను రూపొందించిన శ్రీనివాస సౌరిరాజన్ భారతీయుడే. ఈ పొరలను చుట్టలుగా చుట్టి, ఆఱేడు చుట్టలను ఒక్కొక గొట్టమున వరుసగా నుంతురు. చుట్ట చుట్టకును నీటియందలి ఉప్పు చిక్కబడును. కడపటిచుట్టకు పని మిక్కిలి కష్టమగును.

సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పుండును. సగము మంచినీరు తీసినచో, మిగిలిన సగములో అది 70 గ్రాములగును. కావున అచ్చట తఱచు ఒక్క అంచెతో, నూటికి 40, 45 పాళ్లతో తృప్తిపడుదురు. ఉప్పు తక్కువగల బావినీటికి రెండంచెలు చెల్లును. మొదటి రెండు గొట్టముల మిగులునీటిని మూడవ గొట్టమునకు పంపినచో, నూటికి 75 పాళ్లవరకు రాబట్టవచ్చును. నీరు సగమైనచోట గొట్టములును సగమగుటచే ప్రవాహవేగము తగ్గక, ఉప్పు పొరకు పట్టకుండును.

2010లో చెన్నపట్టణమున కుత్తరమున మింజూరులో దినమునకు 10 కోట్ల లీటర్ల కర్మాగారము వెలసినది. దాని నిర్మాణమున హైదరాబాదు సంస్థయగు ఐ.వి.ఆర్.సి.యల్. భాగస్వామి. అచ్చటి మిగులునీరు సముద్రమున గలియును. మన గ్రామముల మిగులునీ రెచ్చటికి పోవును? నూటికి 75 పాళ్లు తీసినచో, శేషించిన పాతికలో ఉప్పు నాలుగింతలగును. అది కోడునబడి దిగువరైతు చేనికెక్కినచో, ఒకరి దాహము తీర్చుటకు వేఱొకరి పంట చెఱచినట్లగును గదా!

1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసినది మొదలు గోదావరి జలమే డెల్టాకు ప్రాణము. ఆ నీటితో మంచినీటిచెఱువులు నింపి కాపాడుకొనుట ప్రథమకర్తవ్యము. అది చాలనిచోటనే యంత్రము. యంత్రము పెట్టుటకు ముందు బావినీటి గుణమేమి, అంచెలెన్ని, మిగులునీటికి దారి యేదియని పంచాయతీలు అడిగి, ఉత్తరము వ్రాతమూలముగా పుచ్చుకొనవలెను.