కుంచె అసలుదేనా?



మన ఇళ్ళలో చిత్రలేఖనం నేర్చుకునే పిల్లలున్నారు. తంజావూరు పటాలు వేసి అమ్మేవారూ ఉన్నారు. ఆ పటాలను తరతరాలుగా వేస్తున్నవారిలో తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు ప్రసిద్ధమైనవి. ఒకప్పుడు కుంచె కావాలంటే అంగడికి వెళ్ళి, చేత్తో పట్టుకుని, కొన నిమిరి చూసి కొనేవాళ్ళం. ఇప్పుడు సెల్‌ఫోనులో బొమ్మ చూసి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నాం. బొమ్మను నిమిరి చూడలేం కదా! మరి వచ్చిన కుంచె అసలుదో నకిలీదో తెలుసుకోవడం ఎలా? ఈ సంగతి ఈవేళ మాట్లాడుకుందాం.

నాసిరకం కుంచెతో గీత రెండుగా చీలిపోతే పిల్లవాడు కుంచెను అనుమానించడు. తనకే చెయ్యి తిరగలేదనుకుంటాడు. కొన్నాళ్ళకు ఆ తరగతికి వెళ్ళడమే మానేస్తాడు. అందుకే కుంచె విషయంలో కాస్త జాగ్రత్త అవసరం.

ముందుగా ఒక మాట. నైలాన్ కుంచె అంతమాత్రాన నకిలీ కాదు. నైలాన్ అని చెప్పి అమ్మితే అది నిజాయితీ గల సరుకే. బడిపిల్లలకు మంచి నైలాన్ కుంచె చాలు. నైలాన్‌కు గోధుమ రంగు వేసి, జంతువు వెంట్రుక అని చెప్పి అమ్మితే అది మోసం. పేరున్న కంపెనీ ముద్రను దొంగిలించి వేసుకుంటే అదీ మోసమే.

నీటిరంగుల కుంచెల్లో అన్నిటికంటే ఖరీదైనవి కొలిన్‌స్కీ సేబుల్ కుంచెలు. పేరులో సేబుల్ ఉన్నా ఆ వెంట్రుకలు సేబుల్ అనే జంతువువి కావు. సైబీరియా వీజిల్ అనే చిన్న జంతువు తోకనుంచి వస్తాయి. ఇలాంటి కుంచెల్లో ఎనిమిదో నంబరుది ఒక్కటే వేల రూపాయలు పలుకుతుంది. పైగా ఈ వీజిల్ పేరును అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందపు జాబితాలో చేర్పించినది మన దేశమే. కనుక ఆ వెంట్రుకల సరుకు దేశాలు దాటాలంటే పత్రాలుండాలి. ఇది తెలిస్తే, మూడు వందల రూపాయలకు పది కొలిన్‌స్కీ కుంచెలు ఇస్తామన్న ప్రకటనను మనం నమ్మం.

కొనేముందు ఏం చూడాలి? బొమ్మ కింద చిన్న అక్షరాల్లో అమ్మకందారు పేరు ఉంటుంది. మనకు సరుకు పంపేది ఆ అమ్మకందారే. ఆన్‌లైన్ అంగడి పేరు పెద్దదైనంత మాత్రాన అమ్మకందారు నమ్మదగినవాడని కాదు. కుంచెల కంపెనీ సొంత వెబ్‌సైటులో అధీకృత అమ్మకందారుల పేర్లు ఉంటే సరిపోల్చుకోండి. తయారీదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ చిల్లర ధర ఉన్నాయా అని చూడండి. కంపెనీ పేరు పక్కన ‘టైప్’ అనో ‘స్టైల్’ అనో ఉంటే అది ఆ కంపెనీ సరుకు కాదని అర్థం.

పెట్టె ఇంటికి వచ్చాక, విప్పుతున్నప్పుడే వీడియో తీసి పెట్టుకోండి. కుంచెను తడపకముందే చూడవలసినవి చూడండి. కాడమీది అక్షరాలు, నంబరు కంపెనీ బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయా? అక్షరం తప్పుగా ఉందా? గోటితో గీకితే ముద్ర లేచిపోతోందా? వెంట్రుకలను బిగించిన లోహపు గొట్టాన్ని తిప్పి చూడండి. మంచి కుంచెల్లో దానికి అతుకు ఉండదు, కాడమీద అది కదలదు. ఇక్కడే తేడా కనిపిస్తే నీళ్ళు తగలనివ్వకుండా వాపసు పంపండి.

కొన సూదిలా ఉందని మాత్రం అప్పుడే మురిసిపోకండి. కొత్త కుంచెకు కొన చెదరకుండా జిగురు పూసి పంపుతారు. ఆ జిగురుతో ఎంత నాసి కుంచె అయినా సూదిలాగే ఉంటుంది. అసలు పరీక్ష జిగురు కడిగాక. సెట్టు కొన్నట్టయితే ఒక్క కుంచెనే చన్నీళ్ళలో మెల్లగా కడిగి, ఒకసారి విదిలించండి. మంచి కుంచె వెంట్రుకలన్నీ కలిసి మళ్ళీ ఒకే కొనగా నిలుస్తాయి. కాగితంమీద నొక్కి ఎత్తితే వంగిన వెంట్రుక తిరిగి నిటారుగా లేస్తుంది. నిండా రంగునీళ్ళు పట్టించి గీత లాగితే జంతువు వెంట్రుక చాలా దూరం గీస్తుంది. మామూలు నైలాన్ మొదట్లోనే నీళ్ళు వదిలేసి తొందరగా ఆరిపోతుంది. మొదటిసారి ఒకటి రెండు వెంట్రుకలు రాలితే కంగారు పడనక్కరలేదు. కడిగిన ప్రతిసారీ రాలుతుంటే అది నాసి పని.

సందేహం ఇంకా తీరకపోతే, రాలిన ఒక్క వెంట్రుకను పెద్దవాళ్ళు చిమటాతో పట్టుకుని నిప్పు తగిలించవచ్చు. జంతువు వెంట్రుక అయితే మన జుట్టు కాలిన వాసన వేసి, నలిపితే పొడి అవుతుంది. నైలాన్ అయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. అయితే ఈ పరీక్ష జంతువా, నైలానా అన్నంతవరకే చెబుతుంది. ఏ జంతువో చెప్పదు.

ఏ జంతువో అడగవలసిన అవసరం ముంగిస విషయంలో వస్తుంది. ముంగిస వెంట్రుకల కుంచెలు మన దేశంలో ఒకప్పుడు విరివిగా వాడారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు ఆ వ్యాపారం నేరం, జైలుశిక్ష కూడా ఉంది. 2019లో వన్యప్రాణి నేర నియంత్రణ సంస్థ ‘ఆపరేషన్ క్లీన్ ఆర్ట్’ పేరుతో పలు రాష్ట్రాల్లో సోదాలు జరిపి, వేలకొద్దీ కుంచెలను పట్టుకుంది. ఒక ముంగిసను చంపితే పనికివచ్చే వెంట్రుక గుప్పెడే. అలాంటప్పుడు అన్ని కుంచెలకు ఎన్ని ప్రాణాలు పోయాయో ఆలోచించండి. కనుక ‘అసలు ముంగిస వెంట్రుక’ అని ఎవరైనా గొప్పగా ప్రకటిస్తే, అది అసలుదైతేనే ఎక్కువ ప్రమాదం. కొనకండి. ముంగిస వెంట్రుకను పోలిన నైలాన్ కుంచెలు న్యాయంగానే దొరుకుతున్నాయి. పెట్టెమీద సింథటిక్ అన్న మాట ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఇంత చూసినా మోసపోతే ఊరుకోవద్దు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, సరుకు నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, అమ్మకందారు వాపసు తీసుకోనని అనడానికి వీల్లేదు. ఆన్‌లైన్ అంగడి ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోపల పరిష్కరించాలి. అక్కడ పని జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయండి. రసీదు, ప్రకటన బొమ్మ, మీరు తీసిన వీడియో దగ్గర పెట్టుకుంటే మీ మాటకు బలం ఉంటుంది.

ఈసారి కుంచెలు ఇంటికి వచ్చినప్పుడు ఒక గ్లాసు నీళ్ళు, ఒక కాగితం పెట్టుకుని పిల్లలతో కలిసి పరీక్షించి చూడండి. మంచి కుంచె ఎలా ఉంటుందో చేత్తో తెలుసుకున్న పిల్లలు రేపు తమ కుంచెలు తామే ఎంచుకోగలుగుతారు.