తెలుగునాట మెన్నొనైటు సంఘములు: నామమును క్షేత్రమును

తెలుగుదేశమున క్రైస్తవమత వ్యాప్తిని గూర్చి వ్రాసినవారు సాధారణముగా నెల్లూరు, ఒంగోలు, గుంటూరులతో కథ నారంభింతురు. బాపట్ల, తెనాలి, రేపల్లెల నడుమ రామాపురము వంటి గ్రామమున నివసించు పాఠకునకు సంఘమనగానే ఒకవైపు బాప్టిస్టులు, మరియొకవైపు లూథరనులు స్ఫురింతురు. కృష్ణ దాటి పాలమూరు సీమలో ప్రవేశించినవానికి మాత్రము మూడవ పేరొకటి తరచుగా వినవచ్చును. అది మెన్నొనైటు అను పేరు. ఈ పేరు ఎచ్చటిది? ఎట్లు వచ్చినది? ఆ పేరుతో మొదట వచ్చినవారు నాటిన సంఘములే నేడు ఆ పేరును ధరించియున్నవా? ఈ మూడవ ప్రశ్నకు 'కావు' అని సమాధానము చెప్పవలసి వచ్చుటయే ఈ వ్యాసమునకు ప్రేరణము.

మతసంస్కరణ కాలమున, 1525లో జూరిచ్ నగరమున, శిశువులకిచ్చు బాప్తిస్మము చెల్లదనియు, వయస్సు వచ్చి విశ్వసించినవానికే అది తగుననియు వాదించిన వర్గమొకటి తలయెత్తెను. రాజ్యమునకును సంఘమునకును పొత్తు పనికిరాదనియు, ఆయుధము పట్టరాదనియు, ప్రమాణము చేయరాదనియు వారి సిద్ధాంతములు. హాలండు దేశమున పురోహితుడైయుండి 1536లో ఆ పదవిని విడిచి వీరికి నాయకుడైన మెన్నో సైమన్స్ పేరుమీదుగా వీరికి మెన్నొనైటులను వ్యవహారము కలిగెను. హింసకు తాళలేక ప్రష్యాకును, అచ్చటినుండి దక్షిణ రష్యాకును వలసపోయిరి. అచ్చట మొలోచ్నా అను వలసగ్రామములలో 1860వ సంవత్సరము జనవరి 6వ తేదీన కొన్ని కుటుంబములు మాతృసంఘమునుండి వేరుపడి మెన్నొనైటు సహోదర సంఘముగా ఏర్పడినవి. వీరు పూర్ణనిమజ్జన బాప్తిస్మమును స్వీకరించిరి. ఈ యొక్క అంశమును పాఠకులు గుర్తుంచుకొనవలయును. నీటిలో ముంచుట అను ఈ యాచారమే వీరిని బాప్టిస్టులకు చేరువ చేసెను. తెలుగునాట తరువాత జరిగిన కథకంతటికిని బీజమిదియే.

అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా అను రష్యా దేశపు దంపతులు జర్మనీలోని హాంబర్గు బాప్టిస్టు విద్యాలయమున శిక్షణ పొంది, 1889లో భారతదేశమునకు వచ్చి, మరుసటి యేట నిజాము రాజ్యములోని నల్లగొండలో స్థిరపడిరి. వారిని పోషించిన ధనము రష్యాలోని మెన్నొనైటు గ్రామములది. వారు ఉద్యోగించిన సంస్థ మాత్రము అమెరికన్ బాప్టిస్టు మిషన్. స్వంత మిషను స్థాపించి నడపుట రష్యాలోని ఆ చిన్న సంఘమునకు సాధ్యము కాలేదు. నిమజ్జనమును నమ్మిన బాప్టిస్టుల గొడుగు క్రింద నిలుచుట వారికి సుకరమైనది. ఫ్రీసెన్ 1908లో స్వదేశమునకు మరలిపోవులోపల మరికొందరు రష్యా మెన్నొనైటులు వచ్చి సూర్యాపేట, జనగామ క్షేత్రములను గూడ నడపిరి. సూర్యాపేటలో అబ్రహాం హ్యూబర్టు, నల్లగొండలో కొర్నేలియస్ ఉన్రూ వీరిలో ముఖ్యులు.

1914లో మహాయుద్ధము వచ్చినది. 1917లో రష్యాలో విప్లవము. గ్రామములనుండి వచ్చు ధనము నిలిచిపోయెను. పనివారు నిలిచిరి గాని, వారి పోషణభారము క్రమముగా బాప్టిస్టుల పైబడెను. నాటిన చేతులు మెన్నొనైటులవి. పంట బాప్టిస్టుల గాదెలో చేరినది. నేడు నల్లగొండ, సూర్యాపేట, జనగామలలోని ఆ సంఘములు బాప్టిస్టు సంఘములే.

ఇక అమెరికాలోని మెన్నొనైటు సహోదరులు తమ పేరనే ప్రత్యేకముగా పని సాగింపదలచిరి. ఎన్. ఎన్. హీబర్ట్ 1899లో హైదరాబాదు చేరెను. అనారోగ్యమువలన 1901లోనే వెడలిపోయెను. 1902లో జె. హెచ్. పంక్రాట్జ్ వచ్చి హైదరాబాదు మలకుపేటలో పనిని నిలబెట్టెను. 1904లో డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలునకు పోయెను. దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, శంషాబాదు తరువాతి క్షేత్రములు. 1907లో వచ్చిన వైద్యురాలు కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1945లో మరణించువరకు ఈ సీమలోనే రోగులను చూచినది. చివరి సంవత్సరములు శంషాబాదు ఆసుపత్రిలో గడపినది. పండితులు సిద్ధాంతములను గూర్చి వ్రాసినంతగా ఈమెను గూర్చి వ్రాయకపోవుట లోపమే.

పాలమూరు కథ వేరు. అచ్చట 1885లో పని ప్రారంభించినది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎల్బర్ట్ చ్యూట్. ఊరికి మహబూబ్‌నగరమను పేరు ఇంకను రాని కాలమది. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట 1937లో, ధనాభావముచే, బాప్టిస్టులు మహబూబ్‌నగర్, గద్వాల క్షేత్రములను మెన్నొనైటు సహోదరుల కప్పగించిరి. ఆనాడు బాప్టిస్టు తల్లిదండ్రులకు పుట్టి బాప్టిస్టు కాపరి చేతుల మీదుగా నీట మునిగిన విశ్వాసి, మరునాటినుండి మెన్నొనైటు అయ్యెను. అతని విశ్వాసములో ఏమి మారినది? నా అభిప్రాయమున, దాదాపు ఏమియు మారలేదు. నిమజ్జనము ఉండెను, ప్రభురాత్రి భోజనము ఉండెను, గ్రామోపదేశకుడు ఉండెను. మారినది దొరగారి పేరును, జీతము వచ్చు త్రోవయు. ఆయుధము పట్టరాదను మూలసిద్ధాంతము కంటె నిమజ్జనమే తెలుగు మెన్నొనైటునకు గుర్తుగా నిలిచినదని తోచును. పేరును బట్టి మూలమును నిర్ణయించు చరిత్రకారుడు నల్లగొండలోను, పాలమూరులోను, రెంటను తప్పటడుగు వేయును.

ఈ సంఘములలో చేరినవారిలో అధికులు మాల మాదిగ కులములవారు. గ్రామములకు నడచిపోయి, పాటలు నేర్పి, బడులు నడపి, సంఘములను నిలిపినవారును వారినుండి వచ్చిన తెలుగు ఉపదేశకులే, బైబిలు స్త్రీలే. మిషను వార్షిక నివేదికల పట్టికలలో వీరు తరచుగా అంకెలుగా మాత్రమే కనబడుదురు. దొరల పేర్లు మాత్రము పూర్తిగా అచ్చుపడినవి. నేను పైని వ్రాసిన పేర్లన్నియు విదేశీయులవే యగుట ఆ యసమానతకు నిదర్శనము. తెలుగు బోధకుల శిక్షణకై 1920లో నాగర్‌కర్నూలున బైబిలు పాఠశాల వెలసెను. అంతకుముందు బాప్టిస్టుల రామాపట్నము విద్యాలయము తెలుగుసీమకంతకు బోధకులను సిద్ధపరచుచుండెను.

ఇచట భాషావిషయమొకటి. మెన్నొనైటుల వాడుకలో 'కాన్ఫరెన్సు' అనగా సభ కాదు, సంఘముల సమాఖ్య. 1962లో ఏర్పడిన తెలుగు బాప్టిస్టుల సమాఖ్య 'సమావేశము' అను తెలుగు మాటను గైకొనెను. ఆ మాటయు సభార్థమును దాటి సంస్థార్థమును పొందినది. లూథరనులు 'సినడు'ను ఉంచుకొనిరి. మెన్నొనైటు సహోదరులు 'కాన్ఫరెన్సు'ను, దాని పాలకవర్గమునకు 'గవర్నింగ్ కౌన్సిల్' అను పేరును అట్లే నిలుపుకొనిరి. ఆ కౌన్సిలు 1958 ప్రాంతమున ఏర్పడి, మిషను చేతిలోని అధికారము క్రమముగా తెలుగువారికి సంక్రమించెను. సంఘపు కాపరి కాగితముపై 'పాస్టరు', ప్రసంగమున 'కాపరి', వీధిలో 'అయ్యగారు'. మూడు మాటలకు మూడు మర్యాదలు.

భారత మెన్నొనైటు సహోదర సంఘముల కాన్ఫరెన్సు సభ్యసంఖ్య నేడు లక్ష దాటినది. జడ్చర్ల ఆసుపత్రి, శంషాబాదు బైబిలు కళాశాల దాని ప్రసిద్ధ సంస్థలు. శంషాబాదు కళాశాల పేరులో 'సెంటినరీ' అను మాట కలదు. అది 1989లో నిండిన నూరేండ్లను సూచించును. ఆ నూరేండ్లు లెక్కింపబడినది హీబర్ట్ హైదరాబాదు చేరిన 1899 నుండి కాదు, ఫ్రీసెన్ దంపతులు వచ్చిన 1889 నుండి. వారు పనిచేసిన నల్లగొండలోని సంఘము మాత్రము ఈ కాన్ఫరెన్సులో లేదు.