వృద్ధాశ్రమమున వంటపెద్ద

గోదావరి సీమలో అన్నము పెట్టు చేతికి గల గౌరవము శ్రోతలకు తెలియనిది కాదు. లంకలగన్నవరమునందు డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారికి సైతము విస్తరి వేసి అపరాన్నపూర్ణయని పేరొందిరి. గన్నవరపు అక్విడక్టు నేడామె పేరనే యున్నది. అయితే బాటసారి తిని, దీవించి, తన దారిని పోవును. వృద్ధాశ్రమవాసులట్లు పోవువారు కారు. నేడు తినినవారే రేపును అదే పంక్తిలో కూర్చుందురు. ఆ వంట తప్ప వారికి వేఱు వంట లేదు. కావున అచ్చటి వంటపెద్ద పని పెండ్లివంటకంటె కష్టతరము. అది యెట్టిదో ముచ్చటింతము.

వయోవృద్ధుల పోషణకై 2007లో వచ్చిన చట్టము, జిల్లాకొకటి చొప్పునైన, కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమములను రాష్ట్రప్రభుత్వములు నెలకొల్పవచ్చునని చెప్పుచున్నది. ఆ 150 మందినే లెక్కకు తీసికొందము. మనిషికి దినమునకు ఉప్పు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అనగా అందఱికిని కలిపి ముప్పాతిక కిలో. కూర, చారు, ఆవకాయ, అప్పడము అన్నియు అందులోనే. చేతి కొలతలకు అలవడిన వంటవాడు ఇచ్చట తక్కెడ పట్టవలెను. వయస్సు మీఱిన కొలది నాలుకకు రుచియు, ముక్కుకు వాసనయు తగ్గును గాన, వంట చప్పగా నున్నదను మాట తప్పదు. నిమ్మరసము, అల్లము, కరివేపాకు, ఇంగువ పోపు అప్పుడక్కఱకు వచ్చును.

గౌతమినుండి కోరంగి పాయ చీలుచోట నున్న యానాము, 1954 వఱకు ఫ్రెంచివారి పాలనలో నుండి, నేడు పుదుచ్చేరిలో భాగమైనను, వంటకు గోదావరి సీమదే. వరదనాళ్ళలో పులస యన్న అచ్చటి వృద్ధులకును నోరూరును. కాని దానికి సన్నని ముళ్ళు మెండు. చూపు మందగించినవారికి ముప్పు. దాత యెవరేని పులస పంపినచో, ముళ్ళేఱిన ముక్కను పులుసుతో వడ్డింపవలెను. తక్కిన దినములకు ముళ్ళు తక్కువ గల పండుగప్ప, కొరమీను మేలు.

పక్షవాతము వచ్చినవారిలో కొందఱికి మ్రింగుట కష్టము. పలుచని చారు, మజ్జిగ పొలమాఱి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. వైద్యుడు చెప్పినట్లు చిక్కపఱచి, మెత్తగా మెదిపి పెట్టవలెను. కాని పప్పును, కూరను, అన్నమును ఒక్కటిగా మెదుపరాదు. వేర్వేఱుగా మెదిపి వేర్వేఱుగా వడ్డించినచో, తినువారికి తామేమి తినుచున్నారో తెలియును. ఆ మాత్రపు మర్యాద మందుకంటె తక్కువది కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది తిరిగివచ్చిన కంచము. 50 కిలోల మనిషికి దినమునకు సుమారు 40 గ్రాముల మాంసకృత్తులు కావలెను. పప్పు విడిచి చారన్నముతో లేచినవారికి అవి అందవు. కండ కరగును, కాలు తడబడును, పుండు మానదు. ఉప్పు వద్దు, తీపి వద్దు అను కట్టుబాట్లన్నియు పాటించినను, ముద్ద నోటికి పోనిచో ఫలమేమి? ఎవరి కంచములో ఏమి మిగిలినదో వంటపెద్ద చూచి నర్సునకు చెప్పవలెను. ఒక గ్రుడ్డో, గిన్నెడు పెరుగో మఱొక వేళకు అమర్పవలెను.

శ్రోతలకొక మనవి. పుట్టినరోజులకును, పెద్దల తిథులకును ఆశ్రమములకు భోజనము పంపు సదాచారము మనలో పెరిగినది. కాని వండిన అన్నము 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు దిగువన గంటల తరబడి యున్నచో సూక్ష్మజీవులు వృద్ధియగును. వానిలో కొన్నింటి విషము మరల వేడి చేసినను పోదు. ఉదయపు పెండ్లిలో మిగిలినది సాయంకాలము పంపుట పుణ్యము కాదు. వంటపెద్దను ముందుగా అడిగి, కందిపప్పో, పాలో, పండ్లో, వారికేది కావలెనో అది పంపుట మేలు. ఆ పంక్తిలో ఎవరి కేది పడునో ఎఱిగినవాడతడే.