అంజనము, చలి: అద్భుత నవలలపై ఒక పాఠకుని తూనిక

రాయపురమునుండి బిలాసపురమునకు పోవు రైలుమార్గమున తిల్దా యను చిన్న పట్టణము కలదు. బియ్యపుమిల్లుల యూరు. 1931లో విజయనగరము–రాయపురము మార్గము పూర్తియైన పిదప, రైల్వే కొలువులకై ఉత్తరాంధ్రమునుండి ఈ ప్రాంతమునకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. అట్టి కుటుంబమున పుట్టి, రైల్వేలోనే పనిచేసి విరమించిన యొక వృద్ధపాఠకునితో గత శీతకాలమున నొక సాయంకాలము గడపితిని. ఆయన అలంకారశాస్త్రము చదివినవాడు కాడు. తెలుగున చందమామ ధారావాహికలను, హిందీలో దేవకీనందన ఖత్రీని, ఇంగ్లీషున వెల్సును చదివి, మూటిని ఒకే త్రాసున తూచువాడు. ఆ తూనికను పండితుల యెదుట నుంచుటయే యీ వ్యాసోద్దేశము.

ప్రసంగము అంజనముతో మొదలైనది. మన జానపద కథలలో వీరుడు అంజనము పూసికొని అదృశ్యుడగుట సామాన్యము. దానిపై ఆయన యడిగిన ప్రశ్న యిది: "మాస్టారూ, అంజనం రాసుకున్నవాడికి చలి వెయ్యదా?"

నేను నవ్వితిని. అది నవ్వవలసిన ప్రశ్న కాదని ఆయన వివరించిన పిదప తెలిసినది. 1897లో వెలువడిన వెల్సు నవల 'ది ఇన్విజిబుల్ మాన్'లో కనబడకపోవునది శరీరము మాత్రమే; వస్త్రములు కనబడును. కావున ఆ మనుష్యుడు నడిచలిలో దిగంబరుడై లండను వీధుల తిరుగవలసివచ్చినది. తిన్న యన్నము ఒంటబట్టువఱకు కడుపులో కనబడుచునేయుండును. మీద మంచు పడినచో ఆకారము బయటపడును. రచయిత మనలను నమ్మమని కోరిన అసంభవము ఒక్కటే. తక్కినదంతయు దాని ఫలితము. మన అంజనమునకో వెల లేదు. వెల లేని శక్తితో గెలిచిన వీరుని గూర్చి పాఠకునకు బెంగ యుండదని ఆయన వాదము.

ఇది జానపద కథ కంతకును వర్తింపదని నేనంటిని. 1951 నాటి 'పాతాళభైరవి' చలనచిత్రమును ఉదాహరించితిని. అందలి దేవత సాహసియైన యువకుని బలి లేనిదే వరమీయదు. మాంత్రికుని శక్తి యంతయు గడ్డమునందున్నది, అది గొరిగినచో పోవును. ఆయన వెంటనే ఒప్పుకొనెను. మంత్రమా యంత్రమా యనుట ఆయనకు ముఖ్యము కాదు. షరతు ఉన్నదా లేదా యనుటయే ముఖ్యము.

ఖత్రీ విషయమున మాత్రము మాకు పొత్తు కుదురలేదు. 1888లో వెలువడిన 'చంద్రకాంత'ను ఆయన వైజ్ఞానిక కల్పనల వరుసలో చేర్చును. నేను జానపద కల్పన యందును. ఆయన హేతువిది: ఖత్రీ తిలిస్మాలలో తెఱచుకొను గోడలు, కదలు బొమ్మలు దైవమహిమలు కావు, యంత్రకీలలు, మందులు, శిల్పుల పన్నుగడలు. ప్రతి వింతకును కారణము పిదప చెప్పబడును. ఈ వాదమును నేను పూర్తిగా అంగీకరింపలేదు. యంత్ర మున్నంతమాత్రమున విజ్ఞాన ముండదు. ఆ యంత్రము లోకమును మార్చవలెను. ఖత్రీ రాజ్యములు మారవు. అయినను 'అద్భుతము' అను నొకే గోనెలో ఇవన్నియు కట్టిపెట్టిన మన వర్గీకరణకంటె తిల్దా పాఠకుని విభజనయే సూక్ష్మమని చెప్పక తప్పదు.

రామచంద్ర శుక్లగారు తమ హిందీ సాహిత్య చరిత్రలో, ఖత్రీ నవలల కొఱకై అనేకులు హిందీ నేర్చిరని మెచ్చుకొనుచునే, అవి సంఘటన ప్రధానములగుటచే సాహిత్యకోటికి చేరవని తేల్చిరి. మనవారును ఆ త్రోవనే నడచిరి. నేను తరగతిలో ఏండ్ల తరబడి అట్లే చెప్పితిని. కాని పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను పాఠము చెప్పునపుడు మాత్రము కథాకల్పననే కొనియాడితిని. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు 'కవిత్వతత్త్వవిచారము'న ఆ కల్పనను శ్లాఘించియుండుటచే నాకు ధైర్యము. పదునాఱవ శతాబ్దమున పద్యములో నున్న గుణమును, 1954లో 'తోకచుక్క'తో మొదలై పేరైన లేక వెలువడిన దాసరి సుబ్రహ్మణ్యముగారి వచన ధారావాహికలలో వెదకుటకు సైతము పూనుకొనమైతిమి.

ఆయన 'కళాపూర్ణోదయము' చదువలేదు. కథాబీజమును నేను చెప్పితిని: బ్రహ్మ సరస్వతికి వినోదార్థము కథ యొకటి చెప్పెను, బ్రహ్మవాక్కు అసత్యము కారాదు, కావున ఆ కథ భూలోకమున జరిగితీరవలెను. 8 ఆశ్వాసముల చిక్కుముడులు ఈ యొక్క నియమము చుట్టును తిరుగును. ఆయన కొంతసేపు ఊరకుండి, "అయితే బ్రహ్మకే స్వేచ్ఛ లేదన్నమాట" అనెను. ఇన్నేండ్లలో ఏ పరిశోధక విద్యార్థియు నాతో ఆ మాట అనియుండలేదు.

ఇటీవలివానిలో యండమూరి వీరేంద్రనాథుని 'యుగాంతము'పై ఆయనకు గౌరవము కలదు. ప్రళయము తప్పదని తెలిసిన మనుష్యులు ఎట్లు ప్రవర్తింతురన్నదే అందలి ప్రశ్న గనుక, గ్రహగతుల లెక్క సరియా కాదా యని తాను చూడనని ఆయన చెప్పెను. ఇచట ఆయన త్రాసు కొంచెము మొగ్గినదని నాకు తోచినది. వెల్సును చలి యడిగినవాడు యండమూరిని లెక్క యడుగవలెను గదా.

లేచునప్పుడు ఆయన యొక నోటుపుస్తకము చూపెను. మనుమరాలు హిందీబడిలో చదువుచున్నది. 'చంద్రకాంత'ను తానే చదివికొనినది. తెలుగు మాటలాడును గాని లిపి రాదు. 1949నుండి చందమామ హిందీలోను వచ్చెను గదా, ఆ ప్రతులు చాలవా యంటిని. రాక్షసుడు హిందీలో అరచినచో తనకు భయము వేయదని తలయూపెను. ఆ పుస్తకమున పాత చందమామ ధారావాహిక యొకటి తెలుగు మాటలతోనే, నాగరిలిపిలో, పెన్సిలుతో సగమువఱకు ఎక్కియున్నది. ళకారమునకు ఏ యక్షరము వ్రాయవలెనని ఆయన నన్నడిగెను. మరాఠీవారు వ్రాయు ళకారమును చూపితిని. అంతకుముందు పుటలలో లకారముతో వ్రాసినవన్నియు ఆయన దిద్దుకొనుచుండగా సెలవు తీసికొంటిని.