స్వంత వీపీఎన్ - ఎవరి నుంచి రక్షణ?

యంత్రానికి పక్షపాతం లేదనీ, మంచిచెడ్డలు దాన్ని వాడే చేతుల్లోనే ఉంటాయనీ అనడం మనకు అలవాటయింది. ఇందులో సగమే నిజం. యంత్రం ఎవరింట్లో ఉంది, దాని తాళంచెవి ఎవరి దగ్గరుంది అని అడగకుండా మంచిచెడ్డలు తేల్చలేం. వీపీఎన్‌ను కూడా ఈ దృష్టితోనే పరిశీలించాలి.

ఇంటర్నెట్‌లో మనం పంపే సమాచారంలో అధికభాగం ఈనాడు సంకేతభాషలోనే పోతోంది. అయినా మనం ఏ సైటుకు వెళుతున్నామో దారిలో ఉన్నవాడికి తెలుస్తుంది. ఉత్తరం కవరులో ఉన్నా, పైనున్న చిరునామా పోస్ట్‌మాన్‌కు కనిపించినట్టే. వీపీఎన్ ఆ కవరును మరో కవరులో పెట్టి, పైన ఒకే ఒక్క చిరునామా రాస్తుంది. అక్కడ పై కవరు విప్పి, లోపలిదాన్ని అసలు చోటికి పంపుతారు. కనుక అసలు ప్రశ్న ఒకటే: ఆ పై కవరు విప్పేదెవరు?

చందా వీపీఎన్ అయితే విప్పేది ఆ కంపెనీ. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. చందాదారుల పేర్లు, చిరునామాలు, ఫోను నెంబర్లు, వారికిచ్చిన ఐపీ అడ్రసులు, చందా మానుకున్నాక కూడా 5 ఏళ్ళు భద్రపరచాలన్నది. ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్‌లు ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. దాన్ని స్వేచ్ఛాపోరాటమని పొంగిపోనక్కరలేదు. గోప్యత వాళ్ళ సరుకు. సరుకు పాడైతే దుకాణం సాగదు. ఇంకొకటి గమనించాలి. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం నడుపుకునే వీపీఎన్‌లకు ఈ ఆదేశం వర్తించదని సెర్ట్-ఇన్ తర్వాత వివరణ ఇచ్చింది. పెట్టుబడికి దొరికిన మినహాయింపు చందా కట్టే మనిషికి దొరకలేదు!

అయితే ఆ పెట్టె మన ఇంట్లోనే పెట్టుకుంటే? తాడిపత్రిలో మా ఇంట నేను చేసిందిదే. రాస్ప్‌బెర్రీ పై అనేది 2012లో ఇంగ్లండులో, ప్రధానంగా పిల్లలకు కంప్యూటరు నేర్పేందుకు, విడుదలైన అరచేతంత కంప్యూటరు. కొద్ది వాట్ల కరెంటు చాలు. మెమరీ కార్డు మీద లినక్స్ ఎక్కించి, వైర్‌గార్డ్ అనే ప్రోగ్రాం పెట్టాలి. ఇది సుమారు 4 వేల పంక్తుల్లో ఉండి, ఎవరైనా చదివి పరీక్షించగలిగినది. 2020 మార్చిలో లినక్స్ కెర్నెల్‌లోనే చేరింది. పెట్టెకొకటీ, ఫోనుకొకటీ తాళాల జతలు తయారుచేయాలి. ప్రతి జతలో రహస్య తాళం దాని యంత్రం దాటకూడదు. బహిరంగ తాళాన్ని మాత్రం రెండో యంత్రానికివ్వాలి. ఫోను నుంచి వచ్చినదాన్ని బయటికి పంపేటట్టు పెట్టెకు చెప్పాలి. 51820 నెంబరు ద్వారానికి వచ్చినదాన్ని పెట్టెకు అందించమని రౌటరుకు చెప్పాలి.

ఇంతవరకు పని మన చేతిలోది. తర్వాతిది కాదు. ఐపీవీ4 చిరునామాలు ప్రపంచమంతటికీ సుమారు 430 కోట్లే. కనుక అనేక కంపెనీలు వందల ఇళ్ళకు కలిపి ఒకే చిరునామా ఇస్తున్నాయి. ఒకే డోర్ నెంబరున్న వంద ఇళ్ళలో మన ఇల్లు బయటి ఉత్తరానికి ఎలా దొరుకుతుంది? మా వీధికి తీగ లాగిన కంపెనీ విషయంలోనూ ఇదే జరిగింది. విడి చిరునామాకు నెలనెలా అదనంగా కట్టాలి, లేదా ఐపీవీ6 ఇవ్వమని అడగాలి. తాళంచెవి మనదే, దారి మాత్రం వాళ్ళది.

ఈ పెట్టె పరిమితులు చెప్పక తప్పదు. లాడ్జిలో, బస్టాండులో ఉన్న వైఫై యజమాని నుంచి ఇది కాపాడుతుంది. ఇంటి నుంచి ముందుకు మాత్రం అంతా నా పేరు మీదే, నా కంపెనీ కళ్ళముందే పోతుంది. యంత్రంలోకే చొరబడితే అసలే కాపాడదు. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ లాప్‌టాప్‌లోకి దొంగ ప్రోగ్రాం ద్వారా ఫైళ్ళు చొప్పించారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో నివేదిక ఇచ్చింది. దానికి ఏ వీపీఎన్ అడ్డు?

మన సీమ నుంచి గల్ఫ్‌కు పోయిన కూలీల సంగతి మరీ జాగ్రత్తగా ఆలోచించాలి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్‌ను ఏళ్ళ తరబడి అడ్డుకున్నారు. ఇంట్లో పెట్టె పెడితే కొడుకు తల్లితో మాట్లాడగలడనిపిస్తుంది. కానీ అక్కడి 2021 సైబర్ నేరాల చట్టం ప్రకారం, నేరం చేయడానికో కప్పిపుచ్చడానికో ఐపీ అడ్రసు దాస్తే జైలు గాని, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల జరిమానా గాని పడవచ్చు. పెట్టె మన ఊళ్ళో ఉంటుంది. శిక్ష వాడికి పడుతుంది.

చెరువుల్ని వదిలేసి ఎవరి బోరు వారు వేసుకోవడం ఎక్కడికి తెచ్చిందో అనంతపురం జిల్లా వాళ్ళకు వేరే చెప్పాలా? స్వంత పెట్టె అవసరమే. నేర్చుకోవాలి, పదిమందికీ నేర్పాలి. కానీ గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పింది. 1885 టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో తెచ్చిన 2023 టెలికాం చట్టం మాత్రం సందేశాలను మధ్యలో పట్టుకునే అధికారాన్ని ప్రభుత్వానికి అలాగే ఉంచింది. ఈ వైరుధ్యం ఏ ఒక్కరి ఇంట్లోని పెట్టెతోనూ తీరదు. అది అందరం కలిసి అడగవలసిన ప్రశ్న.