పరుపు గలీబు, మొరాయించు జిప్పు

దూది పరుపును ఉతుకుటకు వీలులేదు. నీరు సోకిన దూది ఉండలు కట్టును; తేమ నిలిచిన ముక్కిపోవును. మరల మెత్తనగుటకు దానిని దూదేకులవారిచే ఏకించవలెను. కనుక పరుపునకు రక్ష గలీబే. జిప్పు చెడినచో గుడ్డ గట్టిగానున్నను ఆ గలీబు మూలబడును.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో పెక్కు బోర్లనీరు కఠినజలము. అందలి కాల్షియము, మెగ్నీషియము లవణములు సబ్బుతో కలిసి తెల్లని తెట్టగా మారి, జిప్పు పండ్లనడుమ ఎండి గట్టిపడును. సబ్బు వేయుటకు ముందే నీటిలో కొద్దిగా చాకలిసోడా కలిపినచో కాఠిన్యము తగ్గును. జిప్పు మూసి, గలీబును తిరుగవేసి, చన్నీట ఉతికి, బాగుగా జాడించవలెను. వేడినీటికి నూలుగుడ్డ కుదించుకొనును; బిగువైన గలీబును తొడిగిన ఆ లాగుడంతయు జిప్పుపై పడును.

నేటి జిప్పునకు మూలము 1917లో అమెరికాలో పేటెంటు పొందిన గిడియన్ సండ్‌బాక్ నమూనా. రన్నరు రెండువరుసల పండ్లను చేర్చి, ఒకదానిలో నొకటి ఇమిడ్చును. నడుమ పోగు చిక్కినను, తెట్ట పేరుకొన్నను అది కదలదు. అప్పుడు బలముగా లాగిన కుట్టు తెగి గుడ్డ చిరుగును.

రన్నరును మెల్లగా వెనుకకు జరిపి, చిక్కిన పోగును ప్రక్కకు తీయవలెను. తెట్టను గోరువెచ్చని నీటిలో తడిపిన పాత పండ్లబ్రష్షుతో తోమి, ఆరిన పిమ్మట కొవ్వొత్తి రుద్దవలెను. లోహపు జిప్పునకు పెన్సిలు మొనయు పనికివచ్చును. నూనె వలదు, మరకపడును, దుమ్ము పట్టును.

రన్నరు సాగిన వెనుకనే పండ్లు విడివడుచున్నచో దాని నోరు సడలినదన్నమాట. పటకారుతో రెండు అంచులను స్వల్పముగా నొక్కిన చాలును, మితిమీరిన విరుగును. పండ్లే ఊడినచో దర్జీచేత క్రొత్త జిప్పు వేయించుకొనవచ్చును. గుడ్డ చిరుగనంతవరకు గలీబు మనదే.