గ్రీన్ స్క్రీన్ వీడియో: గద్వాల చీర జరీ ఆకుపచ్చగా కనిపిస్తోందా? కారణం ఇదే!

సంప్రదాయ గద్వాల చీరకు బాడీ కాటన్, అంచు, కొంగు పట్టు. జరీ మెరుపంతా అక్కడే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో చీరల వీడియోలు చేసేవాళ్లు గ్రీన్ స్క్రీన్ కడితే ముందు దెబ్బతినేదీ ఆ అంచే. వెనక బట్ట మీద పడ్డ వెలుతురు తిరిగొచ్చి జరీ మీద, జుట్టు చివర్ల మీద ఆకుపచ్చగా పడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ తీసేసినా ఆ ఛాయ పోదు. దీన్నే కలర్ స్పిల్ అంటారు.

దీనికి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో డీస్పిల్ లేదా స్పిల్ సప్రెషన్ ఉంటుంది. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, నీలం సగటును మించిన ఆకుపచ్చను కోసేయడం ఇందులో ఒక పద్ధతి. చిక్కంతా ఇక్కడే! బంగారు రంగులో ఆకుపచ్చ పాలు సహజంగానే ఎక్కువ. స్లైడర్ చివరిదాకా లాగితే బంగారు జరీ కాస్తా రాగి జరీలా కనిపిస్తుంది. వీడియో చూసి ఆర్డర్ పెట్టినవాళ్లు చీర వెనక్కి పంపితే నష్టం అమ్మినవాళ్లకే.

అందుకే షూటింగ్‌లోనే జాగ్రత్తపడాలి. మనిషికి, బట్టకు మధ్య కనీసం 6 అడుగులు వదలండి. ఇద్దరికీ ఒకే లైటు వాడొద్దు, బట్టకు విడిగా పెట్టండి. ఇంకా మిగిలితే జరీ వరకు మాస్క్ వేసి, జుట్టు దగ్గర మాత్రమే డీస్పిల్ చేయండి. చిలకపచ్చ చీరైతే నీలం బట్ట కట్టాల్సిందే. నిజానికి రంగు చూపించడమే పని అయితే తెల్లగోడే నయం.